బానెట్టు మీద సముద్రం

మొన్న షార్జాలో సరుకులకని వెళితే, చేపల కౌంటర్ దగ్గర చిన్న సైజు ఐక్యరాజ్యసమితి సమావేశం జరుగుతోంది. ఒక పెద్దమనిషికి షేరీ చేప కావాలి. ఐసు గుట్ట మీద హమ్మూర్ ఉంది, పార ఉంది, రొయ్యలు మీసాలు చాచుకుని పడుకుని ఉన్నాయి. షేరీ మాత్రం లేదు. "ఏప్రిల్ ఖలాస్ అయ్యేదాకా బంద్ సాబ్. గుడ్లు పెట్టే కాలం. పట్టకూడదు, అమ్మకూడదు" అని కత్తి పట్టుకున్న మనిషి మూడు భాషల్లో చెబుతున్నాడు. పెద్దమనిషి ఆ మూడింట్లోనూ వినడం లేదు. వెనక బారు నా వరకూ వచ్చి, నన్ను దాటి, ఉల్లిపాయల్ని చుట్టి, సబ్బుల దాకా పోయింది.

ఆ బారులో నవ్వుకుంటున్నవాణ్ణి నేనొక్కణ్ణే. నాకు ఐసు గుట్ట వెనక భాయ్ కనబడుతున్నాడు మరి. మెడలో లైసెన్సు, భుజం మీద గ్రీసు గుడ్డ, చేతిలో సుద్దముక్క. ఆయనే గనక అక్కడ ఉండుంటే ఆ పెద్దమనిషిని పక్కకు తీసుకెళ్ళి, షేరీ కాపురం సంగతులు మొదలుకుని సర్కారు ఉత్తర్వు దాకా బోధించి, చివరికి ఆయన చేతే షేరీ జాతికి క్షమాపణ చెప్పించి పంపేవాడు.

భాయ్‌కి పేరు లేక కాదు. ఇండస్ట్రియల్ ఏరియాలో "భాయ్" అని కేకేస్తే సగం ఊరు తిరిగి చూస్తుంది. మా వీధిలో మాత్రం ఆ మాటకు ఒక్క తలే బయటికొచ్చేది, అదీ ఏదో ఒక బండి కిందనుంచి. నెల్లూరు దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె ఆయనది. మా స్పేర్ పార్టుల దుకాణానికి ఎదురు గ్యారేజీలో ఫోర్మన్. ఆయన గట్టిగా అరిస్తే చచ్చిన ఇంజన్లు కూడా స్టార్టవుతాయని ప్రతీతి. అది నేను కళ్ళారా చూడలేదు. ఆయన తుమ్మితే నడుస్తున్న ఇంజన్ ఆగిపోవడం మాత్రం చూశాను.

అంత చట్టబద్ధమైన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. జాకీల మీద లేచి ఉన్న బండిలో, చక్రాలు కూడా లేని బండిలో, ఇంజన్ విప్పి నేలమీద పరిచేసిన బండిలో కూర్చున్నా సరే, ముందు సీటుబెల్టు పెట్టుకునేవాడు. ఎండాకాలం మధ్యాహ్నం పూట మనుషుల చేత బయట పని చేయించకూడదని ఇక్కడ రూలుంది. అది సైట్లలో కష్టపడే కూలీల కోసం పెట్టింది. భాయ్ దాన్ని చేపల వేటకు కూడా వర్తింపజేశాడు. "గాలం పట్టుకుని కూర్చోడం పని కాదా సామీ? కూలి రాదనే గానీ, పనే గదా! రూలంటే రూలే" అని, ఆ లెక్కన మూడు నెలలు కొట్టేశాడు.

ఎక్కడ కొట్టేశాడో చెప్పలేదు కదూ. బానెట్టు మీద.

గ్యారేజీ వెనక గోడకు ఒక పాత పికప్ బానెట్టు ఆనించి ఉండేది. ఆ పికప్ ఏనాడో తుక్కు కింద పోయింది, బానెట్టును మాత్రం భాయ్ ఆపుకున్నాడు. ఎండకి మాడి, నల్లరంగు గరుకు తేలి, సుద్దముక్క పెడితే బడిపలకలా పలికేది. మా సముద్రమంతా దానిమీదే ఉండేది. జనవరి హెడ్‌లైటు వైపు మొదలై, డిసెంబరు రెండో హెడ్‌లైటు దగ్గర మునిగేది. నెలల మధ్య గాలులు బాణాలుగా, పడవలు అరటిదొప్పలుగా, చేపలు ప్రశ్నార్థకాలుగా తిరిగేవి. భాయ్ ఏ మాటయినా చెప్పబోయే ముందు సుద్దతో బానెట్టును రెండుసార్లు టకటకమనిపించేవాడు. ఆ శబ్దం వింటే మా దుకాణంలో బేరమాడుతున్న పఠాన్ కూడా నోరు మూసి అటు చూసేవాడు.

మా వేట బృందంలో ముగ్గురం. భాయ్, నేను, జగిత్యాల రాజన్న. రాజన్న పికప్ నడుపుతాడు. షార్జాలో అతనికి తెలియని సందు లేదు, ఉన్నా అది సందు కాదని అతని వాదన. సరదా వేటకి కూడా ఇక్కడ లైసెన్సు కావాలంటే భాయ్ తీసుకున్నాడు, దానికి ప్లాస్టిక్ తొడిగించి, మెడలో వేసుకుని తిరిగాడు. గ్యారేజీ కొచ్చే కొత్త గిరాకీలు అది చూసి ఈయనెవరో తనిఖీ అధికారి అనుకుని, అడక్కుండానే బండి కాగితాలు తీసి చూపించేవాళ్ళు.

ఇక మా ప్లానింగ్ చూడండి. మార్చి, ఏప్రిల్ షేరీకి మూత. అది సర్కారు మూత. భాయ్‌కి షేరీ తప్ప మరో చేప చేపే కాదు కాబట్టి మిగతా చేపలు ఎంత తెరిచి ఉన్నా ఆ రెండు నెలలూ సముద్రమే మూతపడ్డట్టు లెక్క. ఎండాకాలం భాయ్ స్వయంగా మూశాడు. శుక్రవారం సెలవే గానీ, మధ్యాహ్నం నమాజుకి వెనక్కి రావాలి, అంచేత సగం శుక్రవారం మూత. శనివారం వెళ్దామంటే రాజన్న రెండు చేతులూ జోడించేవాడు. "శనివారం నేను నీసు ముట్టనన్నా. కొండగట్టు అంజన్నకు మొక్కుకున్న. తినుడే కాదు, వాసన గూడ బంద్." కార్తీకమాసం నేను మూశాను, ఊళ్ళో మా ఆవిడ ఫోన్‌లో నా చేత మూయించింది. డిసెంబరులో గాలి. జనవరిలో గ్యారేజీ లెక్కలు. సర్కారు పాపం ఒక్క చేపకి రెండు నెలలు తాళం వేస్తే, మేం ముగ్గురం కలిసి మొత్తం అరేబియా సముద్రానికి ఏడాది పొడుగునా తాళం వేసి, చెవి బానెట్టు మీద పెట్టాం.

అయినా సందులో సందు దొరికి ఎప్పుడైనా ఖోర్ ఫక్కాన్ వెళ్ళేవాళ్ళం. కొండల్లో సొరంగాలు దాటి సముద్రం కనబడగానే భాయ్ పిల్లాడైపోయేవాడు. పడవెక్కి, లైఫ్ జాకెట్ మీద ఇంకో లైఫ్ జాకెట్ వేసుకుని, గాలం వేసేవాడు. దాని చివర ఆ సముద్రంలో ఉన్నవన్నీ పడేవి, చేప తప్ప. ఒక చెప్పు. ఒక పీత, అది కూడా ఎర తిని, ఆయన్ని ఎగాదిగా చూసి, తనంతట తనే దిగిపోయింది. ఒకసారి వేరే ఎవరిదో గాలం పడింది, దానికి చేపుంది. "పరాయి సొత్తు" అని భాయ్ దాన్ని అట్లాగే తిరిగి నీళ్ళలోకి వదిలాడు.

తిరిగొచ్చేటప్పుడు అసలు వేట మొదలయ్యేది. చేపల మార్కెట్‌లో. దిట్టమైన షేరీని వెతికి, మొప్ప ఎత్తి చూసి, వేలితో నొక్కి, బేరమాడి కొనేవాడు. చొక్కా పాడవుతుందని అక్కడే పొట్ట కోయించి, పొలుసు గీకించి, మూడు నీళ్ళు కడిగించి, అప్పుడు సముద్రం ఒడ్డుకు పట్టుకొచ్చేవాడు. ఒక చేతిలో గాలం, ఒక చేతిలో షేరీ, వెనక కొండలు, మొహాన సముద్రాన్ని ఓడించిన వాడి అలసట. ఫోటోగ్రాఫర్ని నేను. "కొంచెం పెద్దదిగా కనబడేటట్టు తియ్ సామీ" అని చెయ్యి కెమెరా వైపు చాపేవాడు. కొన్ని ఫోటోల్లో ఆ చేప ఆయనకన్నా పొడుగుంటుంది. ఆ ఫోటో క్షణంలో నెల్లూరు చేరేది, ఆయన భార్యకు. కింద ఒక మాట: "ఈ వారంది."

"ఇంత రూల్స్ మనిషివి, ఈ అబద్ధమేంటి భాయ్?" అని నేనడిగితే, ఆయన ఏమాత్రం తొణక్కుండా, "అబద్ధానికి సీజన్ లేదు గదా సామీ, ఏడాదంతా తెరిచే ఉండాది" అన్నాడు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ చిన్నగా చెప్పాడు. "ఆమె పుట్టింది పడవల మధ్య. వాళ్ళ నాయన వేటగాడు. నేను మెకానిక్కుని. పెళ్ళిరోజు వాళ్ళోళ్ళు నవ్వినారు, పిల్లోడికి గాలం గూడా పట్టుకోను రాదని. అప్పుడే చెప్పినా, ఏదో ఒక రోజు నా చేత్తో పట్టిన చేప నీ చేత పులుసు పెట్టిస్తానని. ఇరవై ఏళ్ళయింది. ఇంకా పట్టలా. ఊరికే ఉంటే బాగుండదు గదా?"

ఆ ఏడు ఆమె వస్తోంది. మొదటిసారి, విజిట్ మీద. ఆ కబురు వచ్చిన రోజు భాయ్ బానెట్టును పెట్రోలుతో కడిగి, కొత్త సుద్దపెట్టె తెరిచాడు. అంత గొప్ప ప్లాను నా జన్మలో చూడలేదు. రంజాను నెలంతా ఉపవాసాలు, కాబట్టి పండక్కి దిగేలా టికెట్. పండక్కి కేరళ వెళ్ళిపోయే ఒక కుటుంబం ఫ్లాట్ అరువు. చలి పోయింది, ఎండ ఇంకా ముదరలేదు. ఏప్రిల్ ఆఖర్లోనే తిరుగు ప్రయాణం, అది మాత్రం ఆమె షరతు. వెళ్ళగానే ఆవకాయ పెట్టాలట. "నీ చేపకు సీజనుంటే నా కాయకు లేదా? ఒక్కరోజు గూడా ఆగదు" అందట ఫోన్‌లో. టికెట్లు కొనేశాడు, తేదీ మార్చే వీల్లేని చవక టికెట్లు. అప్పుడు మమ్మల్ని పిలిచి, బానెట్టును టకటకమనిపించాడు.

"ఈడ దిగుతుండాది," అని విమానం బొమ్మ మీద సుద్ద పెట్టాడు. "ఇది పండగ. ఇది ఖోర్ ఫక్కాన్. ఈడ నేను షేరీని పట్టతా. ఈడ ఆమె పులుసు పెడతాది. ఈడ మనం తింటాం. ఈడ ఫ్లైటు. ఎట్టుండాది?"

ఆ ప్లానుకు ఒంగోలు గిత్తలా ఎక్కడా వంక లేదు. నేను చప్పట్లు కొట్టబోయాను. రాజన్న తల గోక్కున్నాడు.

"అన్నా, ఒక్క మాట అడుగుత, కోపం జేయకు. షేరీ ఏప్రిల్ ఆఖరి దాంక బంద్ గదా?"

"రంజాను అయిపోతే తెరుస్తారు గదబ్బా!"

"రంజాను నీకు అయిపోతదే అన్నా. షేరీకేడిది రంజాను?"

గ్యారేజీలో కంప్రెసర్ కూడా ఊపిరి బిగబట్టింది. భాయ్ బానెట్టు వైపు తిరిగాడు. అసలు మోసం అక్కడుంది. కొన్నేళ్ళ కిందట రంజానూ షేరీ మూతా దాదాపు కలిసి ముగిసిన ఏడు, ఆయన సుద్ద పొదుపు చేసి రెండిటికీ కలిపి ఒకే డబ్బా గీశాడు: 'రెండూ మూత'. ఆ తర్వాత ఏటా పండగ చూసుకుని ఆ డబ్బాను కాస్త కాస్త ఇవతలికి జరుపుతూ వచ్చాడు. రంజాను చంద్రుణ్ణి పట్టుకుని ఏటేటా ముందుకు జరుగుతుంది. షేరీకి చంద్రుడితో పనిలేదు, అది సర్కారు తారీఖు చూసుకుని నీళ్ళలో కదలకుండా కూర్చుంది. ఈ వీధిలో అందరికీ ఆ మూత సంగతి నేర్పిన మనిషి, తనతో పాటు షేరీకి కూడా పండగపూట ఉపవాసం విడిపించేశాడు.

"ఆమె ఉండే రోజులన్నీ..." అని భాయ్ సుద్దముక్కతో బానెట్టు మీద రోజులు లెక్కపెట్టాడు.

"టికెట్ జరుపు," అన్నాను.

"జరగదు. జరిగినా మామిడికాయ ఆగదు."

"పోనీ ఎప్పట్లాగే మార్కెట్‌ల కొనుక్కొని..." అన్నాడు రాజన్న, అని తనే నాలిక్కరుచుకున్నాడు. "అరెరె. అమ్ముడు గూడ బందే గదా."

అప్పుడు భాయ్ ముఖంలో నేను చూసింది మామూలు బెంగ కాదు. ఇరవై ఏళ్ళుగా ఆయనకు సముద్రం అక్కర్లేకపోయింది, మార్కెట్టే ఆయన సముద్రం. ఇప్పుడు దానికీ మూత పడింది. ఆ సాయంత్రం ఆయన ఒక కారుకి ఆయిల్ పోయాల్సిన చోట నీళ్ళు పోశాడు, నీళ్ళు పోయాల్సిన చోట నిట్టూర్చాడు.

ఆమె దిగింది. నేను ఊహించుకున్న మనిషి వేరు. ఇంతమందికి రూల్స్ బోధించే భాయ్‌ని పెళ్ళాడింది గనక ఏ నోరూవాయీ లేని మనిషో అనుకున్నాను. సన్నగా, పొడుగ్గా, కొంగు బిగించి నడిచొచ్చింది. తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ చూస్తుంది. ఆమె చూపుకి ట్రాలీ దానంతటదే తిన్నగా నడిచింది. చీరల మధ్య చుట్టి ఒక మట్టి దాక తెచ్చింది. తనిఖీలో అడిగారట ఇదేంటని. "పులుసుకి" అందట తెలుగులోనే. ఆ కంఠానికి వాళ్ళు ఇంకేం అడగలేదు. దాకలో చింతపండు, పుల్ల మామిడికాయలు.

"ఇదో, నా వంతు తెచ్చినా," అంది భాయ్‌తో. "మీ షేరీ యాడయా?"

భాయ్ ట్రాలీ పట్టుకున్నాడు. "ఉపవాసం ఉండాది."

"పండగయిపోయినాక గూడానా?"

"అది... దానిది సర్కారు ఉపవాసం. ఏప్రిల్ ఆఖరిదాకా పట్టకూడదు, రూలు."

ఆమె ఆయన్ని చూసింది, మమ్మల్ని చూసింది. రాజన్న పికప్ టైరును పరీక్షించడం మొదలుపెట్టాడు. నేను ఆకాశంలో ఎప్పుడో వెళ్ళిపోయిన విమానం కోసం వెతికాను. "సరే," అంది. "సముద్రంలో అదొక్కటే ఉంటుందా? ఇంకోటి పట్టు. నువ్వు గాలమెయ్యడం చూద్దామనే గదా వచ్చినా."

ఇది షేరీ లేకపోవడం కన్నా పెద్ద ప్రమాదం. ఆ మాటతో భాయ్ రోజుకో వాతావరణ హెచ్చరిక కనిపెట్టాడు. ఒకరోజు గాలి. ఒకరోజు దుమ్ము. ఒకరోజు సముద్రం "మూడ్‌లో లేదు" అన్నాడు. ఆమె ఒక్కోదానికీ తలూపి, పొయ్యి మీద పగలకుండా దాకలో నీళ్ళు పోసి నానబెట్టి, మళ్ళీ వంచేసి, మళ్ళీ నానబెట్టేది. ఆ దాక ప్రతి ఉదయం తయారుగా ఉండేది.

చివరికి ఆమె విమానమెక్కే ముందురోజు మిగిలింది. ఆ ఉదయం గాలి లేదు, దుమ్ము లేదు, సముద్రం నవ్వుతూ ఉంది. ఇక ఏ అబద్ధానికీ సందు లేక, నలుగురం ఖోర్ ఫక్కాన్‌లో పడవెక్కాం. మలయాళీ కెప్టెన్. మాట్లాడితే డీజిల్ ఖర్చవుతుందనుకునే రకం.

భాయ్ తన లైసెన్సు చొక్కా పైకి తీసి సర్దుకున్నాడు. గాలం వేశాడు. ఆమె కూడా కెప్టెన్ దగ్గర ఒక చేతితాడు అడిగి తీసుకుంది, రొయ్యముక్క గుచ్చి నీళ్ళలోకి జారవిడిచింది, కూరలో ఉప్పు వేసినంత తేలిగ్గా. పట్టుమని పది ఊపిరులు కాలేదు. లాగింది. గులాబిరంగు సుల్తాన్ ఇబ్రహీం. పేరుకే సుల్తాను, అరచేయంత చేప. ఇంకోటి. ఇంకోటి. రాజన్నకి రెండు పడ్డాయి. నాకే ఒకటి పడింది, అంటే ఆ రోజు సముద్రం ఎంత ఉదారంగా ఉందో మీరే ఊహించుకోండి. భాయ్ గాలం మాత్రం గుడిలో దీపస్తంభంలా నిలబడి ఉంది.

"ఏమయా, నీ చేపలు రాలేదే?" అంది ఆమె.

"పెద్దవి నిదానంగా వస్తాయి మే," అన్నాడు భాయ్. ఆయన నుదుటి చెమట సముద్రమట్టాన్ని పెంచుతోంది. కెప్టెన్ గడియారం చూసుకుని ఇంజన్ వైపు లేచాడు. రాజన్న నా చెవిలో, "గీ ఒక్కసారికి ఆ దేవుడు కండ్లు తెరిస్తే, శనివారంతో పాటు మంగళవారం గూడ నీసు బంద్ జేస్త" అని గొణిగాడు.

ఏ దేవుడు విన్నాడో తెలీదు. భాయ్ గాలం వంగింది. మామూలుగా కాదు, ఖోర్ ఫక్కాన్ కొండల్ని ఎవరో కిందనుంచి పట్టి లాగుతున్నట్టు వంగింది. చక్రం గిర్రున తిరిగింది. భాయ్ వెనక్కి పడి, లేచి, మళ్ళీ పడి, కాళ్ళు పడవ అంచుకి తన్నిపెట్టి, ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియకుండా లాగాడు. "తొందరపడబాక. వదులు ఇయ్యి. ఇప్పుడు లాగు. ఇప్పుడు," అని ఆమె పక్కన కూర్చుని మెల్లగా చెబుతోంది. మూడు తరాల వేట ఆ గొంతులో ఉంది. నీళ్ళ కింద బంగారు తళుకు తిరిగింది. కెప్టెన్ చేతివలతో ఎత్తాడు.

పడవలో పడింది. పచ్చని బంగారం ఒంటిమీద నీలి చుక్కలు. పొట్ట నిండుగా, బిగువుగా. ఈసారి నేను పెంచి చెప్పక్కర్లేదు, అది నిజంగానే భాయ్ చెయ్యంత పొడుగుంది.

షేరీ.

ఆ సముద్రంలో అన్ని చేపలుండగా, ఇరవై ఏళ్ళుగా రాని షేరీ, రాకూడని రోజుల్లో, ఆయన గాలానికే వచ్చి పడింది. దాకలో మామిడికాయ ఉంది. రేపు విమానం ఉంది. చుట్టూ కనుచూపు మేర ఇంకో పడవ లేదు.

కెప్టెన్ వీపు తిప్పుకుని, బాగా నడుస్తున్న ఇంజన్‌ను బాగుచేయడం మొదలుపెట్టాడు. ఆ వీపంత మర్యాదైన వీపు నేను చూడలేదు. రాజన్న ఒక కన్ను మూసుకున్నాడు. "అన్నా, నేనైతే ఏం జూడలె. వదినె రేపు పోతది. గీ ఒక్కటి." నేను సంచి మూతి తెరిచి పట్టుకుని, గాలి పీల్చుకోవడానికి తెరిచానన్నట్టు ముఖం పెట్టాను.

భాయ్ చేపను రెండు చేతుల్లో ఎత్తాడు. గాలం ముల్లు నెమ్మదిగా తీశాడు, ప్లగ్గులు తీసే చేతులతో, గీత కూడా పడకుండా. ఆమె ముందుకి చాపాడు. ఆమె దాని నిండు పొట్ట మీద ఒక్కసారి వేళ్ళు పెట్టి చూసి, చెయ్యి తీసేసుకుంది.

"నా ఉపవాసం అయిపోయింది," అన్నాడు భాయ్, ఎవరితోనో తెలియకుండా. "దీనిది ఇంకా అవలా."

ఒంగి, నీళ్ళలో పెట్టి, కాసేపు పట్టుకున్నాడు. అది మొప్పలు ఆడించింది. చేతులు విప్పాడు. ఒక్క తోకపెట్టు, ఆయన ముఖం నిండా ఉప్పునీళ్ళు, అంతే. సముద్రం ఏమీ జరగనట్టు మూసుకుంది.

భాయ్ తడిచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. అప్పుడు తట్టింది ఆయనకి. నా వైపు తిరిగాడు. "ఫోటో తీసినావా సామీ?"

నేను సంచి వైపు చూశాను, ఫోన్ వైపు చూశాను. పట్టని చేపలన్నిటికీ ఫోటోలు తీసినవాణ్ణి, పట్టిన ఒక్క చేపకీ తియ్యలేదు.

"అయిపాయె," అన్నాడు రాజన్న.

భాయ్ భుజాలు రెండు లైఫ్ జాకెట్ల కింద కూడా జారిపోవడం కనబడింది. "ఇంక ఊర్లో ఎవురు నమ్మతారు?"

"ఫోటో ఎందుకయా?" అంది ఆమె, తాడు చుట్టుకుంటూ. "ఇన్నేళ్ళు పంపినావు గదా ఫోటోలు. ఒక్క చేపకన్నా పొట్ట ఉండాదా? అన్నీ కోసినవే. పొలుసు గూడా లేదు. గాలానికి పడేలోపలే కడుక్కుని, శుభ్రంగా తయారై వచ్చే చేపలు అరబ్బు సముద్రంలో ఉంటాయి కాబోలు, మా నాయన సముద్రంలో లేవు అనుకున్నా."

పడవ ఊగడం ఆగింది. నేను కొండల అందాన్ని అత్యంత శ్రద్ధగా పరిశీలించాను.

భాయ్ నోరు తెరిచి మూశాడు, వదిలేసిన షేరీలాగే. "మొదటినుంచీ తెలుసా?"

"మొదటి ఫోటోనుంచీ."

"మరి చెప్పలేదే?"

"అంత దూరంలో ఒక్కడివే ఉండావు. పనిగట్టుకుని చేప కొని, కడిగించి, ఫోటో దిగి పంపుతుండావు. ఎందుకు చెప్పేది?" తాడు చుట్టడం అయిపోయింది. దాన్ని పక్కన పెట్టి, కొంగుతో ఆయన ముఖంమీది ఉప్పునీళ్ళు తుడిచింది. "ఇది మాత్రం నువ్వు పట్టిందే. ఊర్లో నేను చెప్తాలే."

"ఎట్టా నమ్మినావు? మళ్ళీ నేనే వదిలేస్తినే!"

"అందుకే నమ్మినా. కొన్న చేపని ఎవురయా సముద్రంలో ఇడిచిపెట్టేది?"

కెప్టెన్ అప్పటికి ఇంజన్ బాగుచేయడం ముగించాడు. తెలుగు ఒక్క ముక్క రాని ఆ మనిషి, ఆ రోజంతటికీ మొదటిసారి పళ్ళు కనబడేలా నవ్వాడు.

ఆ మధ్యాహ్నం అరువు ఫ్లాట్‌లో, మట్టి దాకలో, ఆమె పట్టిన సుల్తాన్ ఇబ్రహీంల పులుసు ఉడికింది. చిన్న చేపలు, ముల్లు ఎక్కువ. భాయ్ ప్రతి ముక్కా షేరీ తిన్నట్టే తిన్నాడు. ఆ పులుసు వాసనకి పై అంతస్తు ఫిలిప్పీనీలు కిందికి దిగారు, కింది అంతస్తు ఈజిప్టు ఆయన పైకొచ్చాడు. ఆమె అందరికీ గిన్నెల్లో పోసింది. ఆ పులుసు గురించి నేనింకా ఏం చెప్పినా పెంచి చెబుతున్నానంటారు, కాబట్టి ఆపుతున్నాను. మర్నాడు ఆమె ఖాళీ దాకతో ఆవకాయకి వెళ్ళింది. ఏడాది తిరక్కుండా భాయ్ కూడా గ్యారేజీకి సలాం కొట్టి ఆమె వెనకే వెళ్ళిపోయాడు. బానెట్టును కూడా విమానంలో తీసుకుపోతానంటే మేమే ఆపాం.

ఇదంతా తలుచుకుంటూ ఆ చేపల కౌంటర్ దగ్గర, 'షేరీ ఈ నెలాఖరు దాకా లేదు' అని పెట్టిన బోర్డును ఫోటో తీసి ఆయనకు పంపాను. సబ్బుల దగ్గరికి చేరకుండానే జవాబు వచ్చింది. వాయిస్ మెసేజ్ రూపంలో, ఎప్పటిలాగే అరుపుగా. బారులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు.

"సామీ! ఈడ గూడా మూసినారు సామీ! ఏప్రిల్ నడుమనుంచి పడవలన్నీ ఒడ్డుకు లాగేసినారు. మొత్తం సముద్రానికే మూత!" ఆ గొంతులో ఉన్నది బాధ కాదు, పండగ. "ఏం భయం లేదు, ప్లాను వేస్తుండా. మా ఇంటి వెనక నల్ల నీళ్ళ ట్యాంకు ఉండాది, బానెట్టు కంటే బాగా పలుకుతుంది. తెరిచిన రోజు నువ్వు, రాజన్న దిగాల..."

వెనకనుంచి రోకలి చప్పుడు ఆగి, ఆమె గొంతు, నిదానంగా. "ఏమయా! నా ఆవకాయ అయ్యేదాకా ఆ సుద్దముక్క ముట్టుకోబాక. చేతులు కడుక్కుని రా, ముక్కలు కొట్టాల."

తర్వాత భాయ్, ఫోన్‌కి దగ్గరగా వచ్చి, ట్యాంకు మీద సుద్దతో రెండుసార్లు టకటకమనిపించి, గుసగుసగా అన్నాడు.

"వెళ్తా సామీ. రూలంటే రూలే."